ప్రేమమ్మ తొట్టిలో నత్తలు

"ఇదుగో బాబూ, మళ్లీ వచ్చాయి!"

ప్రేమమ్మ కేక వినగానే పశువుల ఆసుపత్రి కాంపౌండరు ఇమ్మానియేలు సైకిలు దిగాడు. గేదెల నీళ్లతొట్టి గోడలకు బిళ్లల్లాంటి గోధుమరంగు నత్తలు అంటుకుని ఉన్నాయి.

అవి మన దేశపు నత్తలు కావు. ఎనభై ఆరులో కాలువ ఎగువన ఎవరో ఇంజనీరుగారు గాజుతొట్టిలో రంగుచేపలు పెంచుకుని, బదిలీ కాగానే తొట్టి మొత్తం కాలువలో కుమ్మరించి వెళ్లారట. ఆయన మళ్లీ కనపడలేదు. నత్తలు మాత్రం నీళ్లవెంట ప్రత్తిపాడు దాకా వచ్చి, మిరపచేల మోటారు పైపుల్లో కాపురం పెట్టాయి.

గేదెలకు ఏ జబ్బూ అంటకుండా ఊళ్లో తొట్లన్నీ ఖాళీ చేయించి, సున్నం కొట్టించి, ఎండబెట్టించాలని పైనుంచి ఆర్డరు. ఆ పని పూర్తయితే ఇమ్మానియేలును దర్శికి బదిలీ చేసేస్తారు. అన్ని తొట్లూ బాగుపడ్డాయి. ప్రేమమ్మ తొట్టి ఒక్కటే మొండికేసింది.

ఊళ్లోవాళ్లు ఊరుకుంటారా? ప్రేమమ్మ కూతురు జయకుమారి పెళ్లీడు పిల్ల. ఆ పిల్లంటే ఇమ్మానియేలుకు ప్రాణం. నోరు మాత్రం పెగలదు, పాపం.

"ఏరా, జేబులో నత్తలేసుకుని తిరుగుతున్నావంటగా?" అన్నాడు స్నేహితుడు ఏసోబు, టీకొట్టు దగ్గర అందరూ వినేలా.

ఇమ్మానియేలు చెవులు ఎర్రబడ్డాయి. టీ సగంలోనే వదిలేసి సైకిలెక్కాడు.

ఆ మాట జయకుమారి తండ్రి సంజీవరావు మాస్టారి చెవిన పడింది. ఆయనకు ఒళ్లు మండింది.

"ఆదివారం ఆ తొట్టి పగలగొట్టిస్తాను. ఇక ఆ కాంపౌండరుకి మనింట్లో పనేముంటుందో చూస్తాను!"

"మీ ఇష్టం," అంది ప్రేమమ్మ.

శనివారం ఇమ్మానియేలు రాగానే మాత్రం అతని మీద విరుచుకుపడింది.

"రోజూ తొట్టిలోకి తొంగిచూసి పోవడమేనయ్యా నీ ఉద్యోగం? రేపు తొట్టే ఉండదు. ఇక ఏ వంక పెట్టుకుని వస్తావు?"

కొట్టంలో పాలు పితుకుతున్న జయకుమారి చెయ్యి ఆగింది.

ఇమ్మానియేలు సైకిలుకి స్టాండు వేశాడు.

"వంక కాదండీ... రేపు ఆరాధన అయ్యాక... మా అమ్మని మీ ఇంటికి పంపమంటారా?"

వాళ్లమ్మ వచ్చి అడిగితే మాస్టారు కాసేపు గునిశారు. కుర్రాడు బుద్ధిమంతుడే కదా అని, తొట్టి పగలగొట్టే మాట మాని, చివరికి ఒప్పుకున్నారు. పై ఆదివారం పాస్టరుగారు చర్చిలో పెళ్లి ప్రకటన చదివారు.

ఆ మర్నాటి నుంచి ప్రేమమ్మ, తెల్లవారుతూనే కాలువకు వెళ్లి చెంబునిండా నత్తలు ఏరుకొచ్చే పని మానేసింది.