ముప్పై రెండో షట్టరు

సామాన్లు దాచుకోవడానికి గదులు అద్దెకిచ్చే ఆ గోదాముకు రాత్రి తొమ్మిదింటికి తాళం వేసే పని పెద్దాయనది. ఒకసారి ఎవరో కునుకు తీసి లోపలే ఉండిపోయారు. అప్పటి నుంచి ఆయన ప్రతి షట్టరునూ రెండుసార్లు తట్టి, ఓ క్షణం విని, ముందుకు కదులుతాడు.

ముప్పై రెండోదాన్ని మాత్రం తట్టడు. చనిపోయిన తన భార్య మంచం, కుట్టుమిషను అందులో ఉన్నాయి. తాళంచెవి ఆయన జేబులోనే ఉంటుంది. యజమాని మంచివాడు, ఆ గదికి అద్దె అడగలేదు.

ఆ రాత్రి ఆయన తిరుగుతుండగా కూతురు ఫోన్ చేసింది.

"నాన్నా, రేపు వ్యాను తెస్తున్నా. ఆ సామాను ఎవరికైనా ఇచ్చేద్దాం. నాలుగేళ్లయింది, అమ్మేమీ వచ్చి అడగదుగా."

"అడిగితే నీ పేరే చెప్తాలే," అని నవ్వాడు.

ఇదే ఆఖరి రాత్రి కదా అని, ఫోను చెవి దగ్గరే పెట్టుకుని, ఆ షట్టరునూ రెండుసార్లు తట్టాడు.

లోపలి నుంచి రెండుసార్లు తట్టిన చప్పుడు వచ్చింది. తొందరేమీ లేనట్టు, మెల్లగా.

బయట తాళం వేసినట్టే ఉంది. ఆయన కదలకుండా నిలబడ్డాడు. మనిషి కదలిక లేకపోతే ఆరిపోయే వరండా లైట్లు ఒక్కొక్కటే ఆరిపోయాయి.

"రేపొద్దమ్మా," అన్నాడు చివరికి. "ఇంకొన్నాళ్లు ఉండనీ."

"సరేలే నాన్నా, నీ ఇష్టం. ముందు ఆ తట్టడం ఆపు, నీ మాట సరిగ్గా వినపడట్లేదు."

ఆయన ఒక చేతిలో ఫోను ఉంది. రెండో చెయ్యి జేబులో, తాళంచెవి మీద ఉంది.