ముట్టుకోనన్న మాట

“ముట్టుకుంటే?” అంది ఆవిడ, ముందు సీట్లో బెల్టు బిగించుకుంటూ.

“ముట్టుకోనన్నానుగా!” అన్నాడు వెనక సీట్లోంచి ఆవిడ భర్త.

“అనడం ఇది ఆరోసారి.”

“ఒట్టు. నా చెయ్యి పడకుండా దిగామంటే దిగిన చోటే నీ లాగ్‌బుక్‌లో సంతకం పెట్టేస్తా. రేపు నువ్వొక్కదానివే ఎగరొచ్చు.”

“ముట్టుకున్నారో, రేపట్నుంచి వేరే మాస్టారి దగ్గర చేరిపోతా. మొగుడు చెప్పే చదువు పనికిరాలేదా అని లోకం నవ్వినా సరే.”

ఆయన ఫ్లయింగ్ క్లబ్బులో విమానం నడపడం నేర్పుతాడు. చెయ్యి పడిందంటే ఊడదని శిష్యులు చాటుగా ఆయన్ని జిగురు మాస్టారంటారు. ఆ బుల్లి విమానంలో రెండే సీట్లు, ఒకదాని వెనక ఒకటి. ముందు శిష్యులు, వెనక మాస్టారు. ఇద్దరి మోకాళ్ళ మధ్యా విమానాన్ని నడిపే స్టిక్ చెరొకటి. ఒకటి కదిపితే రెండోదీ కదులుతుంది. అందుకే విమానం ఎవరి చేతుల్లో ఉందో పొరపాటు రాకుండా, తీసుకునేవాళ్ళు “నాది” అని పైకి చెప్పి తీరాలని నియమం.

మిగతా శిష్యుల దగ్గర ఆయన చెప్పేవాడు. భార్య దగ్గర ఏనాడూ చెప్పిన పాపాన పోలేదు. పాలు కాస్తుంటే వెనకనుంచి వచ్చి స్టవ్ తగ్గించే మనిషి, సూదిలో దారం ఎక్కిస్తుంటే సూది లాక్కునే మనిషి, ఆకాశంలో మాత్రం అనుమతి అడుగుతాడా? అందరూ పదిహేను గంటల శిక్షణకే ఒంటరిగా ఎగిరారు. ఆవిడవి నలభై దాటాయి.

ఎండ వాలిన వేళ. మబ్బులు పనీపాటా లేనట్టు నిలబడి ఉన్నాయి. ఆవిడ వేగం తగ్గించి, చేతికి బరువు తెలియకుండా పక్కనున్న చిన్న చక్రాన్ని ఆయన నేర్పినట్టే సర్దుకుంది. అది కుదిరితే చెయ్యి వదిలినా విమానం తిన్నగా పోతుందని ఆయన చెప్పిన పాఠమే. వెనకనుంచి ఉలుకూ పలుకూ లేదు. నిద్రపోయాడేమోనని అనుమానం కూడా వచ్చింది.

అంతలో ఇంజన్ దగ్గింది. ఇంకోసారి దగ్గి, ఆగిపోయింది.

“పెట్రోల్ వాల్వు చూడు!”

“తెరిచే ఉంది.”

“స్టార్ట్ చెయ్యి.”

చేసింది. ప్రొపెల్లర్ అరచుట్టు తిరిగి బద్ధకంగా నిలబడిపోయింది.

“మళ్ళీ చెయ్యి.”

ఈసారి ఆ అరచుట్టూ లేదు.

“ఇక లేవదు,” అన్నాడాయన. తర్వాత రేడియోలో క్లబ్బుతో మాట్లాడాడు. ఇంజన్ పోయిందనీ, ఎదురుగా గడ్డి మైదానముందనీ, అక్కడే దిగుతున్నామనీ.

ఆ మాస్టారి గొంతు వినగానే ఆవిడ చేతులు వాటంతటవే ఒళ్ళోకి వచ్చేశాయి. కాళ్ళు పెడళ్ళ మీంచి వెనక్కి జరిగాయి. నలభై గంటల అలవాటు మరి. మోకాళ్ళ మధ్య స్టిక్ సన్నగా కదులుతూనే ఉంది. ‘ఇప్పుడూ చెప్పలేదు మహానుభావుడు’ అనుకుంది. ఆరో ఒట్టు కూడా గట్టు మీదికి చేరింది.

ఇంజన్ లేని ఆకాశం ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని ఆవిడకు తెలియదు. రెక్కల మీద గాలి, పిల్లను జోకొడుతున్న తల్లిలా హుష్షు హుష్షుమంటోంది. కిందెక్కడో కుక్క మొరిగింది. ఎవరో తలుపు వేసుకున్నారు. గడ్డి మీద విమానం నీడ మొదట చీమంత, తర్వాత పిచ్చుకంత అయింది.

“భయంగా ఉందా?” అన్నాడాయన.

“లేదండీ. మీకో?”

“కొంచెం.”

ఇరవై మూడేళ్ళ కాపురంలో ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు.

“గడ్డి మెత్తగానే ఉన్నట్టుంది కదండీ?”

“మెత్తగానే ఉంది. గాలి కూడా ఎదురుగానే ఉంది. తిన్నగా పోతే చాలు.” తర్వాత గుసగుసగా, “అలాగే... అలాగే... బంగారం!” అన్నాడు.

తనను కాదులే, విమానాన్ని బుజ్జగిస్తున్నాడనుకుంది ఆవిడ. తనను బంగారమని పిలిచి పదేళ్ళు దాటింది.

ఎప్పుడు చూసినా లాగడం, తొయ్యడం, సరిదిద్దడం. అలాంటి మనిషి ఇవాళ విమానాన్ని గాలికి అప్పగించినట్టే ఉన్నాడు. ఇంత మెత్తదనం ఆ చేతుల్లో ఇన్నాళ్ళూ ఎక్కడ దాచుకున్నాడో! ఆవిడ కోపం ఏ మబ్బు దగ్గర జారిపోయిందో ఆవిడకే తెలియలేదు. ఒంటరిగా ఎగరకపోతే మాత్రమేం? ఇలా ఇద్దరూ తేలుతూ పోతుంటే చాలదూ?

గడ్డి పైకి లేచి చక్రాలను అందుకుంది. విమానం ఒక చిన్న గెంతు గెంతి, పరపరమని కొంత దూరం పరుగెత్తి, ఆగింది. చుట్టూ మిడతలు లేచి మళ్ళీ వాలాయి.

ఇద్దరూ దిగారు. రెక్క నీడలో చతికిలబడి కాసేపు ఊపిరి పీల్చుకున్నారు. ఆయన కళ్ళు తుడుచుకుని, జేబులోంచి పెన్ను తీశాడు.

“లాగ్‌బుక్ ఇలా ఇవ్వు. సంతకం పెడతా.”

“వద్దులెండి. ప్రాణం మీదికొచ్చినప్పుడు ఒట్లేమిటి, పట్లేమిటి? మీరు స్టిక్ తీసుకున్నందుకు నాకేం కోపం లేదు. నిజంగా! ఇంత హాయిగా మీరెప్పుడూ దింపలేదు.”

పెన్ను మూత తీయబోతున్న ఆయన చెయ్యి ఆగిపోయింది.

“నేను ముట్టుకోలేదే!”