మొదటి ప్రేక్షకుడు

"నోరు తెరువు," అన్నాడు పళ్ల డాక్టరు.

మేనకోడలు తెరిచింది. ఆమెకు పన్ను నొప్పేమీ లేదు. మాట్లాడదామని వచ్చింది. ఖాళీగా ఉంది కదా అని ఆ కుర్చీలో కూర్చోవడమే ఆమె చేసిన పొరపాటు.

"వచ్చే శుక్రవారం మూడు సినిమాలట. ఒకదాని ట్రైలర్ చూశాను. హీరో నడుస్తాడు. వెనక బండ్లు పేలతాయి. మళ్లీ నడుస్తాడు. ఎక్కడికి పోతున్నాడో వాడికీ తెలీదు, తీసినవాడికీ తెలీదు. రెండోది దెయ్యం సినిమా. దెయ్యం కంటే హీరోయిన్‌కే మేకప్ ఎక్కువ. అవునా కాదా?"

"ఆ," అంది మేనకోడలు. నోట్లో అద్దం ఉంది.

"చూశావా, నువ్వూ ఒప్పుకున్నావు."

డాక్టరు తన అభిప్రాయాలన్నీ నోరు తెరిచి పడుకున్నవాళ్లకే చెబుతూ వచ్చాడు. ఇన్నేళ్లలో ఒక్కరూ కాదనలేదు. సినిమాల విషయంలో తన మాటకు తిరుగు లేదని ఆయన నమ్మకం.

"టీవీ కూడా అలాగే తగలడింది. ఆ మధ్య ఒక సీరియల్ వచ్చేది. అందులో ఒకావిడ తలుపు తీయడానికి నాలుగు రోజులు పట్టింది. ఎంత నిదానం! ఎంత హుందా! అర్ధాంతరంగా ఆపేశారు, వెధవలు. ఊఁ, పుక్కిలించు."

మేనకోడలు గబగబా పుక్కిలించి, ఆయన మళ్లీ అద్దం అందుకునేలోగా అసలు సంగతి ఎత్తుకుంది.

"మావయ్యా, రేపు నా సినిమా చూస్తున్నావుగా?"

ఆమె తండ్రి నిర్మాత. సినిమా చదువు ముగించుకుని ఇల్లు చేరిన కూతురితో మొదటి సినిమా తీయించాడు. ఆయనకో పద్ధతి ఉంది. ఏ సినిమా అయినా విడుదలకు ముందు తన అక్క మొగుడికి, అంటే ఈ పళ్ల డాక్టరుకు, కారు పంపి మరీ చూపిస్తాడు. ఆయనొక్కడికే. ఎన్ని థియేటర్లలో వేయాలో ఆ తర్వాతే తేలుతుంది. తోటి నిర్మాతలు ఒక్కొక్కరే మునిగిపోయినా ఆయన ఇంకా సినిమాలు తీస్తున్నాడంటే ఆ పద్ధతి చలవే.

"నాన్న నీ మాట తప్ప ఇంకెవరి మాటా వినడు మావయ్యా. ఊరూరా ఆడక్కర్లేదు. బస్టాండు పక్క హాల్లో ఆడినా చాలు. వెనక వరసలో కూర్చుని జనం తలకాయలు చూడాలి నేను. ఎక్కడ నవ్వుతారో, ఎక్కడ ఫోన్లు తీస్తారో. దీనికోసం రెండేళ్లు సరిగ్గా నిద్రపోలేదు."

"బాగుంటే బాగుందంటాను. లేకపోతే లేదంటాను. పుచ్చిన పన్ను చూసి బాగుందంటే నేనేం డాక్టర్నే?"

"పుచ్చితే మాత్రం, కాస్త..."

"నోరు తెరువు."

మర్నాడు ప్రివ్యూ హాల్లో డాక్టరు మధ్య వరసలో ఒక్కడే కూర్చున్నాడు. తెర మీద ముగ్గురు ముసలమ్మలు ఒక సిటీ బస్సును ఎత్తుకుపోయారు. ముగ్గురిలో ఎవరికీ డ్రైవింగ్ రాదు. బస్సులో ఉన్నవాళ్లెవరూ దిగమన్నా దిగలేదు. హీరో వస్తాడేమోనని డాక్టరు ఇంటర్వెల్ దాకా ఎదురుచూశాడు. రాలేదు. డ్యూయెట్ లేదు. ఫైట్ లేదు. పై గదిలో ఆపరేటరు పగలబడి నవ్వుతుంటే వెనక్కి తిరిగి, "ఏంటయ్యా ఆ గోల!" అని కసిరాడు. క్లైమాక్స్ నాటికి చెప్పాల్సిన మాట సిద్ధం చేసుకున్నాడు. ఇది పీకేయాల్సిన పన్ను.

బయటికొచ్చాడు. మెట్ల మీద మేనకోడలు చున్నీ కొస నములుతూ నిలబడి ఉంది. ఆరేళ్లప్పుడు పాలపన్ను పీకించుకోవడానికి వచ్చి, ఇలాగే గౌను అంచు నములుతూ ఆయన మొహంలోకి చూసింది. నొప్పి ఉండదని చెప్పి పీకాడు. వృత్తిలో ఆయన ఆడే అబద్ధం అదొక్కటే.

"ఎలా ఉంది బావా?" అన్నాడు నిర్మాత. "మొహమాటం వద్దు. ఉన్నదున్నట్టు చెప్పు."

డాక్టరు గొంతు సవరించుకున్నాడు. మేనకోడలి వైపు చూశాడు.

"బాగుంది."

"బాగుందంటే?"

"అద్భుతమోయ్. నవ్వలేక చచ్చాను. రాసిపెట్టుకో, జనం ఎగబడతారు."

మేనకోడలు ఎగిరి ఆయన మెడను వాటేసుకుంది. కళ్లు తుడుచుకుంది. సినిమాలో ముసలమ్మ వేషం వేసినావిడకు ఫోన్ చేసి, "అమ్మమ్మగారూ, మావయ్యకి నచ్చింది! మీ బస్సు హాల్లోకి వస్తోంది!" అని అరుస్తూ మెట్లు దిగిపోయింది. డాక్టరు కారెక్కాడు. ఇల్లు చేరేదాకా తనలో తను నవ్వుకుంటూనే ఉన్నాడు.

నిర్మాత మెట్టు మీద కూలబడ్డాడు. కాసేపటికి కొత్త మేనేజరును కేకేశాడు.

"ముందుగా మాట్లాడిపెట్టిన థియేటర్లన్నీ వదిలెయ్. ఒక్కటి కూడా వద్దు. టీవీ వాళ్లకు ఇచ్చెయ్, మధ్యాహ్నం పూట వేసుకున్నా సరే. అమ్మాయికి నేను చెప్పుకుంటాలే."

మేనేజరు తెల్లబోయాడు. "అదేంటి సార్! డాక్టరుగారు అంతలా మెచ్చుకున్నారు కదా?"

నిర్మాత కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

"మా బావ బాగుందన్న సినిమా ఇంతవరకు ఒక్కటి కూడా రెండో శుక్రవారం చూడలేదయ్యా."