రేవు మీది హోటల్

“నలభై డాలర్లా? నేను పుట్టిందే ఈ ఓచో రియోస్‌లో. టూరిస్టుల రేటు నాకు చెప్పకు!” హోటల్ గేటు ముందు వెర్లీన్ విరుచుకుపడింది. ముప్పై ఏళ్ళ తర్వాత నిన్ననే టొరంటో నుంచి సొంతూరికి వచ్చి, ఈ హోటల్లో దిగిందామె.

ట్యాక్సీ నడిపే లెబర్ట్ సీట్లోంచి కదల్లేదు. “ఈ గేటులోంచి వచ్చిన వాళ్ళందరికీ ఒకటే రేటమ్మా. చాలా దూరం.”

“ఏం దూరం? చేపల రేవు మీదుగా పోతే మా చెల్లెలి ఇల్లు పది నిమిషాలు. ఊరంతా తిప్పి దండుకుందామనా?”

“ఏ రేవు?”

“మా నాన్న పడవ కట్టేసే రేవు! నాకే దారులు నేర్పుతావా?”

లెబర్ట్ కారు దిగి తలుపు ధడాలున వేశాడు. “వెనక్కి తిరిగి చూడండి. మీ ఈతకొలను ఉందే, అదే ఆ రేవు. నా పడవా అక్కడే ఉండేది. గోడ కట్టి మమ్మల్నందరినీ తరిమేశారు. ఆ గోడ చుట్టూ తిరక్క ఎగిరి పోనా?”

వెర్లీన్ వెనక్కి తిరిగి చూసింది.

పొద్దున ఆ కొలను పక్కన కాఫీ తాగుతూ ఫోటో తీసుకుని చెల్లెలికి పంపింది. ‘ఎంత బాగుందో చూడు’ అని కూడా రాసింది. చెల్లెలు చూసింది కానీ జవాబివ్వలేదు.

వెర్లీన్ కారెక్కి కూర్చుంది.

“పోనియ్ తమ్ముడూ,” అంది. “మా చెల్లెలు తలుపు తీస్తుందో, తియ్యదో.”