దిగిరా, ఇవానో

“ఆవిణ్ణి ఎవరయ్యా లోపలికి రానిచ్చింది?” ఇన్‌స్పెక్టర్ బెర్తోలా గొంతు చించుకున్నాడు.

ఎవరూ రానివ్వలేదు. రోడ్డుకు అడ్డంగా పెట్టిన పోలీసు కారును చుట్టుకుని ఆవిడే వచ్చేసింది. యాభై దాటిన మనిషి. ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే ఉంది. కోటుకు గుండీలు కూడా పెట్టుకోలేదు.

తూరిన్ నగరంలోని ఆ వీధిని పోలీసులు పొద్దుటే మూసేశారు. నిన్న బ్యాంకు దోచిన ముగ్గురు కుర్రాళ్లలో ఇద్దరు దొరికిపోయారు. మిగిలినవాడు ఇవానో, ఇంకా ఇరవై నిండలేదు, మూడో అంతస్తులో పిస్తోలు పట్టుకుని తలుపేసుకున్నాడు. బ్యాంకులో వాడు కాల్చిన గుమాస్తా తెల్లవారుతుండగా ఆసుపత్రిలో పోయాడు. ఆ కబురు వచ్చినప్పటినుంచీ పోలీసులు పళ్లు నూరుతున్నారు.

“వెళ్లండమ్మా! ఇదేమన్నా కూరగాయల బజారా?”

“ఆ పిల్లాడితో మాట్లాడి పోతాను.”

“తల్లా మీరు?”

“తల్లినే. అక్కడ కారు దగ్గర ముగ్గురు పోలీసులకి చెప్పి వచ్చాను, మళ్లీ నీకూ చెప్పాలా? తప్పుకో నాయనా.”

బెర్తోలా తల పట్టుకున్నాడు. “ఒకరి మాట వినే రకమైతే వాడు బ్యాంకు మీద పడేవాడా? ఇంకాసేపట్లో మావాళ్లు తలుపు బద్దలు కొడతారు.”

“కొట్టి?”

బెర్తోలా తుపాకులు సర్దుకుంటున్న తనవాళ్ల వైపు చూశాడు.

“వాణ్ణి చంపేస్తే మీ పని అయిపోతుంది. తర్వాత నేనెవర్ని అడగాలి?”

ఆయన చేతిలోని మైకు లాక్కుంది.

“ఒరేయ్ ఇవానో! వీధి వీధంతా నీకోసం పనులు మానుకుని నిలబడింది, సిగ్గుందా? ఆ దరిద్రాన్ని కిటికీలోంచి పారేసి దిగిరా!”

ఎదుటి బాల్కనీలో ఎవరో నవ్వారు. పైన కిటికీ రెక్క కొంచెం తెరుచుకుంది. పాలిపోయిన మొహం ఒకటి చాలాసేపు ఆమెనే చూసింది.

“కాల్చేస్తారు,” అన్నాడు వాడు.

“నేను గుమ్మంలో నిలబడతాను. నిన్ను కాల్చాలంటే ముందు నన్ను కాల్చాలి. రారా, విసిగించకు! నా కాళ్లు పీకుతున్నాయి.”

అన్నట్టే వెళ్లి గుమ్మంలో నిలబడింది. బెర్తోలా తనలో తాను తిట్టుకుని, తుపాకులు దించమని సైగ చేశాడు.

పిస్తోలు రాళ్ల మీద పడి ఎగిరింది. కాసేపటికి చేతులెత్తుకుని వాడు దిగి వచ్చాడు. ఆమె వాడి చెంప ఛెళ్లుమనిపించింది. వెంటనే వాడికి అడ్డం వచ్చి, రెక్క పట్టుకుని, ఏ తుపాకికీ ఎదురు పడకుండా కారుదాకా నడిపించింది.

“ఎందుకు చేశావురా?”

“భయమేసింది.”

“చేతులెత్తి నిలబడ్డవాణ్ణి చూసి భయమా?”

వాడు వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆమె తలుపు అంచు తగలకుండా వాడి తల వంచి కారెక్కించింది.

కారు మలుపు తిరిగాక బెర్తోలా ఆమె దగ్గరికి వచ్చాడు.

“ఇందాక విసుక్కున్నాను, ఏమీ అనుకోకండమ్మా. ఇవాళ మీ అబ్బాయి ప్రాణాలతో మిగిలాడంటే మీ పుణ్యమే.”

ఆమె గోడకు చేరగిలబడింది.

“మా అబ్బాయి ఆ బ్యాంకు గుమాస్తా, బాబూ.”