బామ్మర్ది బెంగ

బేకరీ బావగారికి ఫ్యాటీ లివర్ అని స్కాన్‌లో తేలిన రోజు, ఆయనకన్నా ఆయన బామ్మర్దే ఎక్కువ కుంగిపోయాడు. లివర్ ఎవరిదో తెలియనివాళ్లు చూస్తే పొరపాటు పడేవాళ్లే.

“దీనికి మందూ మాకూ పనిచెయ్యవు. నోరు కట్టుకోండి, ఒళ్లు వంచండి. మూడు నెలల్లో కొవ్వు కరగాలి,” అంది డాక్టరమ్మ.

ఆ సాయంత్రమే బామ్మర్ది ఆయన ఫోన్లో ఓ యాప్ ఎక్కించాడు. చేతికి వాచీ తగిలించాడు. బావగారు ఏం తిన్నా ఫొటో పెట్టాలి. ఎంత నడిచినా ఆ లెక్క బామ్మర్ది ఫోనుకి చేరిపోతుంది. ఇంత ప్రేమ ఏ ఇంట్లోనైనా ఉంటుందా?

ఆయన చేసిన క్రీమ్ బన్నులు ఊరంతా లొట్టలేస్తూ తింటోంది. ఆయన మాత్రం కౌంటర్ వెనక కీరదోస ముక్కలు నములుతున్నారు. పొద్దున్నే పార్కులో ఆయన చెమటలు కక్కుతుంటే, బామ్మర్ది శాలువా కప్పుకుని బెంచీ మీద రాజాలా కూర్చునేవాడు. “ఇంకో రౌండు బావా,” అనేవాడు. తను మాత్రం ఒళ్లు కదిల్చే రకం కాదు.

“నా ప్రాణం తోడేస్తున్నావు కదరా,” అని బావగారు విసుక్కునేవారు.

ఓ మధ్యాహ్నం ఆయనకో ఉపాయం తట్టింది. వాచీ చేతికి ఉండగానే కేకుకి గుడ్లు గిలకొట్టారు. పిచ్చి వాచీ, అవన్నీ అడుగులే అనుకుంది. ఆ సంబరంలో ఓ క్రీమ్ బన్ను కూడా సగం లాగించారు. ఫొటో తియ్యలేదు లెండి.

కాసేపటికే బామ్మర్ది ఆయాసపడుతూ ఊడిపడ్డాడు.

“అంత దూరం నడిచావు, మ్యాపులో చూస్తే బేకరీ గడప దాటలేదేం బావా?”

బావగారి మీసానికి ఇంకా క్రీము అంటుకునే ఉంది. అది చూసి బామ్మర్ది స్టూలు మీద కూలబడ్డాడు.

“నా కోసమైనా నడవ్వా బావా,” అన్నాడు. కళ్లనిండా నీళ్లు. ముష్టి బన్నుకి ఇంత రాద్ధాంతం.

బావగారికి మాత్రం తల కొట్టేసినట్టయింది. మిగిలిన బన్ను చెత్తబుట్టలో పడేశారు. ఆ రోజునించి దొంగనడకలు కట్టిపెట్టారు.

మూడు నెలలు గడిచాయి. కొత్త స్కాన్ చూసి డాక్టరమ్మ మొహం వెలిగిపోయింది. “కొవ్వంతా కరిగింది. ఇప్పుడిది బంగారంలాంటి లివర్.”

బావగారు వాచీ ఊడదీసి బామ్మర్ది చేతికి తగిలించారు. “ఇక నీ వంతురా,” అన్నారు.

డాక్టరమ్మ బామ్మర్దివైపు తిరిగి, “వచ్చే వారమే మీ బావగారి లివర్‌లో సగం తీసి మీకు పెట్టేస్తాం,” అంది.