కొత్త కెప్టెన్

టీవీలో కెప్టెన్ అగస్త్య హెల్మెట్ తీసి మొహం చూపించాడో లేదో, సదానందం కుర్చీలోంచి దిగ్గున లేచాడు.

"గీడు అగస్త్య ఏంది? గీడు మన ఐలవ్వ కొడుకు శివగాడు గదా! బంద్ చెయ్యున్రి."

ఎవరూ బంద్ చేయలేదు గానీ అందరూ గొల్లున నవ్వారు. వెనక గోడకు ఆనుకుని కూర్చున్న ఐలవ్వ చేతిలోని గారెల గిన్నెను పక్కన పెట్టింది.

గోదావరిఖని కార్మికుల కాలనీలో ఆదివారం సాయంత్రమైతే ఇళ్ల వరసలో సగం మంది సదానందం క్వార్టర్‌లోనే ఉంటారు. పెద్ద కలర్ టీవీ ఆయనది, అందులో వచ్చే 'అంగారక దళం' సీరియల్ మీద పెత్తనమూ ఆయనదే. బొగ్గుబాయిలో ఆయన మాట ఎంతవరకు చెల్లుతుందో తెలియదు గానీ, ఈ గదిలో మాత్రం ఆయన ఔనంటే ఔను, కాదంటే కాదు. పాత కెప్టెన్ అంటే ఆయనకు ప్రాణం. అంగారకుడి మీద గుహలోకి దూరేముందు ఆ కెప్టెన్, బాయిలో కూలుతుందేమోనని చూసినట్టే, కర్రతో పైకప్పు తట్టి చూశాడని, వాడు తప్పకుండా బాయి దిగినోడేనని వారమంతా మురిసిపోయాడు. ఆ నటుడు కాస్తా సినిమాల్లోకి వెళ్లిపోయాడు. ఖాళీ అయిన వేషం శివకు దక్కింది.

దక్కిందంటే పూర్తిగా దక్కలేదు. కొత్త కెప్టెన్ నచ్చాడో లేదో ఫోన్ చేసి చెప్పమని చానల్ వాళ్లు చూసేవాళ్లనే అడుగుతున్నారు. నచ్చలేదంటే వచ్చే వారం అంతరిక్ష ఓడ కాలిపోతుంది, అందులో కెప్టెన్ కూడా పోతాడు. శివ మళ్లీ గుంపులో నిలబడే వేషాలకు పోవాల్సిందే. "ఇంట గెలిచి రచ్చ గెలవాలంటరు గదవ్వా, మనోల్లు ఒప్పుకుంటె చాలు" అని పొద్దున్నే ఎస్టీడీ బూత్‌కు ఫోన్ చేసి చెప్పాడు కొడుకు. ఆ సంతోషంలోనే ఐలవ్వ గారెలు చేసి గిన్నెడు పట్టుకొచ్చింది.

ఇరుగుపొరుగు ఆ గారెలు తింటూనే కొడుక్కి వంకలు పెట్టారు. సదానందం భార్య మల్లక్కకు పిల్లవాడు అందగాడిలాగే కనిపించాడు గానీ, వాడు తన జామచెట్టు మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్న సంగతి మర్చిపోలేకపోతోంది. వాడు రాకెట్ ఎక్కుతుంటే ఎక్కడ జారిపడతాడోనని ఆమెకు కథ ఎక్కడం లేదు. ఆటో నడిపే అలీముద్దీన్‌ అనుమానం వేరు. అంగారకుడి రాణి కెప్టెన్‌ని ప్రేమించింది కదా, అంత రాణికి ఎనిమిది కళ్లుండి, ప్రేమించినవాడి మొహం మారితే ఒక్క కంటికైనా కనిపించలేదా అని అడిగాడు. 

వాళ్లది వేళాకోళం. సదానందానిది పంతం.

"పోరడు మంచిగ చేస్తున్నడా లేదా అని గాదు నేననేది. పేరొగనిది, మనిషొగడా? ఒగని పేరు మీద ఇంకొగడొచ్చి నిలవడితె కండ్లు మూసుకొని ఒప్పుకోవాల్నా? గది మోసం. నడువున్రి, అందరం ఫోన్ చేసి పాతోన్నే తెమ్మందాం."

మనుషులు లేచి చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టారు. ఎస్టీడీ బూత్ సందు చివరే. పెద్దమనిషి ముందు నడిస్తే కాలనీ మొత్తం వెంట నడుస్తుంది. కొడుకు బతుకు ఆ సందు చివర తేలిపోతుందని ఐలవ్వకు అర్థమైంది.

ఆమె గబగబా వాకిట్లోకి వచ్చి సదానందం చెయ్యి పట్టుకుంది. ఇద్దరిదీ ఒకే ఊరు. చిన్నప్పటి నుంచీ ఆయన ఆమెకు తమ్ముడి వరస. నీళ్ల కుళాయి దగ్గరికి పక్కకు తీసుకుపోయి, చెవిలో ఏదో అంది. కోపంగా అనలేదు. పైగా నవ్వుతూ అంది.

సదానందం ఎవరైనా విన్నారా అని చుట్టూ చూశాడు. మెడ మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఇంకాసేపటికి ఆయనకూ నవ్వొచ్చింది. అక్కను గేటు దాకా సాగనంపి, బూత్‌కు పోయి, అందరి ముందే ఫోనెత్తి, కొత్త కెప్టెన్ బ్రహ్మాండంగా ఉన్నాడని, వాణ్ని మారిస్తే కాలనీలో ఒక్క టీవీ కూడా వెలగదని గట్టిగా చెప్పాడు. వెనకున్నవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అయినా పెద్దమనిషి అన్నాక తిరుగేముంది? ఒకరి తర్వాత ఒకరు అదే మాట చెప్పి వచ్చారు. మల్లక్క అయితే పిల్లవాణ్ని ఎత్తైన చోటికి మాత్రం ఎక్కించవద్దని కూడా చెప్పింది.

అదంతా గేటు దగ్గర నిలబడి చూసి, ఖాళీ గిన్నె చంకన పెట్టుకుని ఐలవ్వ తేలికగా ఇంటిదారి పట్టింది. కడుపు నిండా తిన్నంత హాయిగా ఉంది ఆమెకు. అలీముద్దీన్ ఆగలేక ఆటో పక్కన ఆపి, ఏం మంత్రం వేశావని అడిగాడు.

"మంత్రమేంది కొడుకా, మా ఊరి ముచ్చటొకటి యాదికి జేసిన" అని నవ్వేసి వెళ్లిపోయింది.

కుళాయి దగ్గర ఆమె యాదికి జేసిన ముచ్చట ఇది.

"మీ అన్న సదానందం మొదటి దినమే బాయిల చీకటికి జడిసి ఊరికి ఉరికితె, ఆయన పేరు మీద ఇన్నేండ్ల సంది నువ్వు దిగుతలేవా తమ్మీ? నువ్వు తవ్విన బొగ్గు మండుతలేదా, బుచ్చన్నా?"